సగం కోసిన పొయ్యి

దయ్యాలంటే నాకు నవ్వే. తవ్వకాల్లో ఎన్ని ఎముకలు చేత పట్టానో, ఒక్కటీ కలలోకి కూడా రాలేదు. అలాంటి నమ్మకాలుంటే ఈ ఉద్యోగంలో ఒక్క చలికాలం కూడా నిలిచేదాన్ని కాదు.

పోయిన ఏడు చిట్యాల దగ్గర ఒక పాత పట్టణపు దిబ్బ తవ్వాం. అప్పటికి అమ్మ పోయి నెల కూడా కాలేదు. నాకు ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన కాలుతో నడిచినట్టు రోజులు నడుస్తున్నాయి. ఇంక ఎప్పటికీ ఇట్లాగే ఉండిపోతానేమోనని భయమేసేది.

ఒక వంటిల్లు బయటపడింది. రోలు, పగిలిన కుండలు, మట్టి పొయ్యి. మా పద్ధతిలో పొయ్యిని ముందు సగమే కోస్తాం. లోపలి బూడిద పొరలు చూసి ఆ ఇంట్లో ఏం వండారో, ఎన్నాళ్లు వండారో అంచనా కడతాం. ఫొటోలు తీశాక మిగతా సగమూ తీసేస్తాం. ఆ సాయంత్రం సగం కోసి, ప్లాస్టిక్ పట్టా కప్పి వచ్చాను.

పొద్దున పట్టా తీస్తే బూడిద పొరలు కనబడలేదు. కోసిన చోటంతా ఎర్రమట్టితో అలికి ఉంది. ఇంకా తడి ఆరలేదు. ఆ దిబ్బంతా నల్లమట్టే.

అలుకు మీద రెండు వేళ్ల గీతలు, తర్వాత ఖాళీ, చివర చిటికెన వేలు. అమ్మ ఉంగరం వేలు నేను పుట్టకముందే గడ్డి మిషన్‌లో పోయింది. మా ఇంటి పొయ్యి మీద అలుకు ఎప్పుడూ అట్లాగే ఉండేది.

నాతో పనిచేసే కమ్లిది నెల్లికుదురు పక్కన తండా. మా అమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. అలికింది నువ్వేనా అని అడిగాను.

"నేనెందుకు అలుకుత అక్కా?" అని చేతులు చాపింది. పది వేళ్లూ ఉన్నాయి. తర్వాత వంగి చూసి, "గీ చెయ్యి ఎవలిదో గని, ఒక వేలు లేదు సూడు," అంది.

రాత్రి ఎవరూ రాలేదని కాపలా మనిషి ఒట్టేశాడు. మా సారు ఎవరో ఆకతాయి పని అని కొట్టిపారేసి, కోసెయ్యమన్నారు.

కమ్లి తాపీ అందుకుంటే నేను లాక్కున్నాను. అమ్మకు తలకొరివి మా చిన్నాయిన కొడుకు పెట్టాడు. ఆడపిల్లనని నన్ను చితి దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు నోరెత్తలేదు. ఈ పొయ్యిని మాత్రం ఇంకొకరి చేతికి వదలబుద్ధి కాలేదు.

దాన్ని అలికింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను. కోసింది మాత్రం నేనే. ఏడుస్తూనే కోశాను.