జెల్లీ పళ్ళెంలో అ ఆ లు

ఆ రోజుల్లో కొత్తగా ట్రైనింగై వచ్చిన ప్రతి మాస్టరూ దేశంలోని పిల్లలందరినీ ఉద్ధరించడానికే పుట్టాననుకునేవాడు. నేను మరీను. అరవైల చివరి మాట. రాజాం దగ్గర ఒక పల్లెటూరి బడిలో వంద మంది పిల్లలకి అచ్చులు నేర్పడానికి, జిల్లాలోకెల్లా మొట్టమొదట కాగితాలు అచ్చు తీసి పంచినవాణ్ణి నేనే. (వంద మంది అని రాసేశాను. ఒకటో తరగతిలో ఉన్నది పదిహేడు మంది. జిల్లాలో మొట్టమొదట అన్నది కూడా నాకు నేను ఇచ్చుకున్న బిరుదే. మిగతా జిల్లా నేను చూడలేదు.)

ఆ చలికాలంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు మా బడికి వస్తారని కబురొచ్చింది. ఆయన నా పాఠం చూసి బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం. లేదంటే మా మావ చెప్పినట్టు నెల్లిమర్ల జ్యూట్ మిల్లులో చేరడమే. అందుకని ఆయన కళ్ళు చెదిరేలా ఏదైనా చెయ్యాలనుకున్నాను. ట్రైనింగులో నేర్పిన విద్య ఒకటుంది. జెలటిన్, గ్లిజరిన్ కలిపి కాచి రేకు పళ్ళెంలో పోస్తే గట్టిపడుతుంది. ఊదా సిరాతో రాసిన కాగితం దాని మీద బోర్లించి తీస్తే రాతంతా జెల్లీకి అంటుకుంటుంది. ఆపైన ఎన్ని తెల్లకాగితాలు అద్దితే అన్ని నకళ్ళు. అ పక్కన అరటిపండు, ఆ పక్కన ఆవు, ఇ పక్కన ఇల్లు, ఈ పక్కన ఈగ వేశాను. బొమ్మలు అద్భుతంగా కుదిరాయి. (కుదరలేదు. ఆవుని చూసి పిల్లలందరూ "గేద!" అన్నారు.)

మా హెడ్మాస్టారు కళ్ళజోడు పైకి తోసి చూసి, "ఏటయ్యా ఇది? పలకలుండగా కాయితాలేటి? ఆళ్ళకి పలక తప్ప ఏటి తెలుసు?" అన్నారు.

"కొత్త పద్ధతండీ," అన్నాను గొప్పగా.

ఆయన మాట విని ఉంటే ఈ కథే లేదు. ఇన్‌స్పెక్టరు గారు బస్సు దిగారని తెలియగానే కాగితాలూ ముక్క పెన్సిళ్ళూ పంచి, "అక్షరాల మీద దిద్దుతూ ఉండండి, పాడుచేశారో, వీపు చీరేస్తాను!" అని చెప్పి ఎదురెళ్ళాను. ఆయన కొబ్బరినీళ్ళు తాగి, రిజిస్టర్లు చూసి, లేచేసరికి అరగంట పట్టింది. పిల్లలు బుద్ధిగానే దిద్దారు. అయితే ఒకసారి దిద్దడం అయ్యాక పలక మీద ఏం చేస్తారో కాగితం మీదా అదే చేశారు. వేలు నాలిక్కి రాసి, అక్షరం మీద రుద్ది, అదే వేలు మళ్ళీ నాలిక్కి రాశారు. ఆ ఊదా సిరా తడి తగిలితే చాలు, కరిగిపోయే రకం. దిద్దిన పెన్సిలు గీతలూ అందులోనే కలిసిపోయాయి.

ఇదేదీ తెలియని నేను ఇన్‌స్పెక్టరు గారిని తరగతిలోకి తీసుకొచ్చి, "పిల్లలూ, నోరు బాగా తెరిచి అందరూ 'ఆ' అనండి!" అన్నాను.

పదిహేడు నోళ్ళు తెరుచుకున్నాయి. పదిహేడు ఊదా నాలుకలు. పెదాలు, చుబుకాలు, కొందరికి ముక్కులూ.

ఇన్‌స్పెక్టరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "చలికాలంలో నేరేడుపళ్ళు ఎక్కడివండీ మాస్టారూ?"

"మా ఊళ్ళో కాస్తాయండి," అన్నాను. (ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.)

"కొంప ముంచినావు గదయ్యా," అని హెడ్మాస్టారు నా చెవిలో గొణిగారు.

ఇన్‌స్పెక్టరు గారు ముందు వరసలో ఉన్న చిట్టి అనే పిల్ల చేతిలోంచి కాగితం తీసుకున్నారు. కాగితమంతా ఊదా మరక. ఆవూ లేదు, ఇల్లూ లేదు. నా కళ్ళ ముందు జ్యూట్ మిల్లు గేటు తెరుచుకుంది. ఆయన మాత్రం ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూస్తున్నారు. మరక మీద పెన్సిలుతో వంకరటింకరగా అ, ఆ, ఇ, ఈ ఉన్నాయి.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"నానేనండి," అంది చిట్టి. "ఉమ్మెట్టి తుడిస్తే సెరిగిపోనాదండి. మాస్టారు కొడతారని మళ్ళీ నానే ఏసినానండి."

"చూసి రాశావా?"

"ఏటి సూస్తానండి? అక్కడేటీ లేదు గదా!"

ఆయన మిగతా కాగితాలూ తిరగేశారు. పదిహేడింట్లో పదకొండింటి మీద పిల్లల సొంత అక్షరాలున్నాయి. బెదురుతో, చూడకుండా రాసినవి. నేను వెంటనే గొంతు సవరించుకుని, "అదేనండి నా పద్ధతి. చెరిపించి మళ్ళీ రాయించడం," అన్నాను. ఆయన నవ్వాపుకుంటూ పుస్తకంలో ఏదో రాశారు. మెచ్చుకుంటూ ఒక పేజీ నిండా రాశారని ముప్ఫై ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. ఆయన రాసింది రెండు ముక్కలు: "పిల్లలకు అక్షరములు వచ్చినవి. ఉపాధ్యాయుడు ఇంకను నేర్చుకొనవలెను." ఆ మొదటి ముక్కతో నా ఉద్యోగం ఖాయమైంది.

వెళ్ళేముందు ఆయన వంగి, "బాగా రాశావమ్మా," అని చిట్టి తల నిమిరారు. ఆ మాట అనాల్సినవాణ్ణి నేను. కానీ అప్పుడు నేను హెడ్మాస్టారికి నా కొత్త పద్ధతి ఇంకా వివరిస్తూనే ఉన్నాను. ఆ ఇరవై రెండేళ్ళ మాస్టరు ఇప్పుడు కనబడితే చెవి మెలేసి చిట్టి పక్కనే కూర్చోబెడతాను. కూర్చుంటాడని నమ్మకం లేదనుకోండి.