రానని చెప్పిన ఎస్తేరక్క

ఏటా మే నెలలో ట్రంకుపెట్టెలోని ఉన్ని కోటు తీసి మేడమీద ఎండలో వేస్తాను. కర్నూలులో ఉన్ని కోటుతో ఎవరికీ పని లేదు. చలికాలంలో వేసుకుని వీధిలోకి వచ్చినా చూసినవాళ్ళు నవ్వుతారు. అయినా తీస్తాను, దులుపుతాను, ఎండు వేపాకు వేసి మళ్ళీ మడతపెడతాను. ఈసారి అది ఎండకు బాగా వేడెక్కాక ఒక వాసన లేచింది. వానకు తడిసి ఆరిన ఉన్ని, ఏదో పూల సబ్బు, వాటి అడుగున ఇంగువ తిరగమోత. ఏడేళ్ళుగా ఆరవేస్తున్నా ఆ ఇంగువ పోలేదు. నీళ్ళ ట్యాంకు నీడలోకి జరిగి కూర్చుని, ఎస్తేరక్క గురించి రాయాలనుకున్నాను. ఆమెను ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఎరుగుదుమని చెప్పుకునేవాళ్ళు చదివినా మంచిదే.

ఎస్తేరక్కది కమలాపురం. ఇద్దరు మగపిల్లల మధ్య పుట్టిన ఒక్క ఆడపిల్ల. నాకంటే మూడేళ్ళు పెద్ద. నర్సు శిక్షణకు కర్నూలు వచ్చిన రోజుల్లో హాస్టల్లో మాది ఒకే గది. చేరిన రెండో నెలలో ఒక సీనియరు నర్సు గాజు సిరంజిల ట్రే కింద పడేసి, నేను పడేశానని చెప్పింది. నేను కాదనలేదు. ఏడుస్తూ క్షమాపణ కాగితం రాసిచ్చి వచ్చి మంచమెక్కాను.

"నువ్వే పడేసినావా మే?" అని అడిగింది ఎస్తేరక్క.

"లేదక్కా."

"మరి ఎందుకు రాసిచ్చినావు?"

"పెద్దామె కదా. ఆమెకు మాట వస్తుందని..."

"నీకి మాట వస్తే పర్లేదా? లెయ్. ఆ కాయితం వెనక్కి తెచ్చుకుందాం, పా."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మేట్రన్ గది ముందు గంటసేపు నిలబెట్టింది. కాగితం వెనక్కి వచ్చింది, దానితోపాటు మా ఇద్దరికీ వారం రోజులు బెడ్‌పాన్ల డ్యూటీ కూడా వచ్చింది. ఆ వారం చివర ఆమె నాకొక నోటుపుస్తకం కొనిచ్చి, "జరిగింది జరిగినట్ల ఇందులో రాసుకో. రేపు జరగలేదంటారు" అంది. నేను డైరీ రాయడం అలా మొదలైంది. ఈ అలవాటు నా క్రమశిక్షణ వల్ల వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు. నిజానికి అది ఆమె తిట్టి నేర్పిన అలవాటు. రాయడమైతే వెంటనే నేర్చుకున్నాను. రాసింది నలుగురిలో చెప్పడం నేర్చుకోవడానికి మాత్రం నాకు దాదాపు ఒక జీవితం పట్టింది.

ఆమె లండన్ వెళ్ళిపోయింది. నేను కర్నూలులోనే ఉండి, హెడ్‌నర్సుగా రిటైరయ్యాను. మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం, "ఒక నెల వచ్చి నా దగ్గరుండు" అని ఆమె పట్టుబట్టింది. వీసా వచ్చిన వారంలోనే ఆమె తమ్ముడు దేవదానం చెనిక్కాయల సంచితో మా ఇంటికి వచ్చాడు.

"సరోజమ్మా, నువ్వు చెప్తే అక్క వింటాది. ముసిలితనంలో ఆడ ఒంటిగా ఏమి చేస్తాది? మిద్దె మీద గది గూడా కట్టించినా. ఎట్లన్నా చేసి తోడుకొని రా" అన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, "మా యాకోబన్నకి పక్షవాతం వచ్చిన సంగతి మాత్రం చెప్పొద్దు. అన్న కోడలు తనకి చేతగాదంటాంది. అక్క నర్సు గదా. వచ్చినాక తెలిస్తే కాదనలేదులే" అన్నాడు.

పిలుపు దేనికో నాకు అర్థమైంది. "సరేనప్పా" అన్నాను. ఆ రాత్రి డైరీలో అతని మాటలన్నీ రాశాను, నేను సరేనన్నానని కూడా రాశాను.

లండన్‌లో ఎస్తేరక్క ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. వెళ్ళిన మర్నాడు నా పుస్తకం ఆమె ముందు పెట్టాను. చూడాల్సిన పదమూడు స్థలాలు, ఏ రోజు ఏవి, ఎన్ని గంటలకు బయలుదేరాలి, అన్నీ గీతలు గీసి రాసుకున్నాను.

అద్దాలు పెట్టుకుని చదివింది. "ఇదేంది మే, మందుల చార్టా? పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, బువ్వ తిన్నాక ఒకటి!"

"మళ్ళీ మళ్ళీ వస్తానా అక్కా?"

"సరే, రాణి ఇల్లు గూడా రాసినావే. గేటు బయట నిలబడి చూసేదానికి ఇంత దూరం రావాల్నా? మా ఊర్లో పెద్దింటోళ్ళ గేటు బయట శానా నిలబడినాం. నేను రాను. నువ్వు చూసి రా, నేను ఎదురుగా టీ తాగుతా కూచుంటా."

అన్నట్టే చేసింది. మిగతా పన్నెండూ మాత్రం తానే తిప్పి చూపించింది, తన పద్ధతిలో. రెండంతస్తుల బస్సులో పైకెక్కి, ముందరి సీటు ఖాళీగా ఉంటే తప్ప కూర్చునేది కాదు, ఖాళీ లేకపోతే తర్వాతి బస్సు కోసం నిలబడేది. బొమ్మల మ్యూజియంలో ఒక గదిలోని బెంచీ చూపించి "ఇది నాది" అంది. సెలవు దొరికినప్పుడల్లా అక్కడ కూర్చుని కాళ్ళనొప్పులు తీర్చుకునేదట. ఎదురుగా గోడ మీది బొమ్మ ఎవరు వేశారో ఆమెకు తెలియదు, కానీ అందులోని ముసలావిడకు నీరు పట్టిన కాళ్ళని మొదటి రోజే కనిపెట్టింది. నది మీద వంతెన దాటుతూ ఒక ఆసుపత్రి కిటికీలు చూపించి, ఏ అంతస్తులో ఎన్నేళ్ళు పనిచేసిందో చెప్పింది. చేపల అంగడివాడు ఆమెను చూసి, వరుసలో ఉన్నవాళ్ళను ఆపి, తన మోకాలి గురించి అడిగాడు. పటం నా చేతిలో ఉండేది. ఊరు మాత్రం ఆమె చేతిలో ఉన్నట్టుండేది.

నాలుగో రోజు పొద్దున ఆమె పాలకని కిందికి వెళ్ళినప్పుడు నేను అన్నం వండేశాను. వచ్చి కుక్కరు మూత తీసి, కిటికీ గట్టు మీది చిన్న డబ్బా చూసి, అట్లాగే నిలబడిపోయింది.

"యాడి బియ్యం వండినావు?"

"ఈ డబ్బాలోవే అక్కా."

"దేవుని బియ్యం మే అవి!"

నాలుక కరుచుకున్నాను. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అవి గుడికి, అంటే చర్చికి, చేరతాయి. నేను ఇప్పటికీ వేస్తాను. పరాయివాళ్ళ ఇంట్లోనైనా రెండు డబ్బాలు కనిపిస్తే ఏది ఏదో నేను చూడగానే గుర్తుపడతాను. అక్కడ గుర్తుపట్టకపోవడానికి కారణం ఒక్కటే. ఆమె అక్కడ ఊరికే రోజులు గడుపుతోందని, అసలు ఇల్లు కమలాపురంలో ఉందని నేను ముందే అనుకుని వచ్చాను. అట్లాంటి చోట దేవుని బియ్యం ఉంటాయని నాకు తోచలేదు.

"ఇవి ఏ గుడికిస్తావు?" అని అడిగాను.

"మొదట్లో ఈడి గుడికే తీసకపోయినా. ఆ పాస్టరయ్య సంచి పట్టుకొని, దీన్ని ఏం జేయాల అని నన్నే అడిగినాడు. తీసుకునేది తెలీకపోతే మీ వెనక వంటిల్లు ఇయ్యి, నేనే వండుతా అన్నా. ఇచ్చినాడు. పద్దెనిమిదేండ్లాయె. తినేసినావు గదా, శనివారం వచ్చి ఉల్లిగడ్డలు తరుగు. అదే నీకి శిక్ష."

శనివారం వెళ్ళాం. గుడి వెనక హాలులో పదిహేనుమంది ముసలివాళ్ళు, అన్ని దేశాలవాళ్ళు, ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాళ్ళు. ఆమె చిత్రాన్నం, పప్పు చేసింది. చూపు సరిగా లేని ఒక ఐరిష్ ముసలామె తిరగమోత చిటపట వినగానే, "ఎస్తేరు వచ్చేసింది" అని పక్కావిడకు చెప్పింది. ఒకాయన రాలేదు. ఎస్తేరక్క గరిట నా చేతికిచ్చి, అతనికి ఫోను చేసి, ఎత్తేదాకా చేసి, జ్వరమని తెలుసుకుని, వండింది డబ్బాలో కట్టుకుని మరీ అతని గది మెట్లెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పైన, ముందరి సీట్లో కూర్చున్నాం. ఒకతను మా పక్కన వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. మీ ఊరికి మీరు పోవచ్చు కదా అని గట్టిగా అన్నాడు. బస్సంతా విన్నది. లేద్దాం అక్కా అని ఆమె కొంగు లాగాను.

ఆమె అతని వైపు తిరిగి, తీరిగ్గా, ఇంగ్లీషులో చెప్పింది. "మా ఊరికే పోతున్నాను నాయనా. ఇంకా నాలుగు స్టాపులున్నాయి. నిలబడలేకపోతే వెనక సీటు ఖాళీగా ఉంది, కూర్చో."

వెనక ఎవరో నవ్వారు. అతను ఏదో గొణిగి కిందికి దిగిపోయాడు. ఆమె నాలుగు స్టాపులూ కదలకుండా కూర్చుంది. దిగాక మాత్రం ఇంటి ముందు చిన్న పార్కులో బెంచీ మీద కూలబడి, నీళ్ళు అడిగింది.

దేవదానం మాట చెప్పడానికి ఇదే సమయమని నాకు తోచింది. అంతకంటే తెలివితక్కువ సమయం ఇంకొకటి ఉండదు.

"ఎందుకక్కా ఈ అవమానాలు? కమలాపురం వచ్చెయ్యి. దేవదానం గది కట్టించాడు. మన ఊరు, మన మనుషులు."

ఆమె సీసా మూత బిగించింది. "ఆ బస్సులోవాడు చెప్పిందే నువ్వూ చెప్తాండావే సరోజా. వాడు మోటుగా చెప్పినాడు, నువ్వు మెత్తగా చెప్తాండావు. నా ఊరు యాడుండాదో చెప్పేదానికి మీరంతా ఎవురు మే?"

ఆమె నన్నే చూస్తూ అడిగింది. "ఇన్నేండ్లకి వాడికి గది కట్టించాలని ఎందుకు పుట్టింది? ఎవురికి బాగలేదు?"

చెప్పేశాను. యాకోబన్నకు పక్షవాతమని, కోడలు చేయనంటోందని, దాచమన్నారని, దాచానని.

ఆమె సీసా సంచిలో పెట్టింది. తర్వాత చెప్పింది. "నేను ఈడికి వస్తానంటే సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టి తాళమేసినాడు యాకోబన్న. ఆడది సముద్రం దాటితే వంశానికి మచ్చ అన్నాడు. సుత్తితో తాళం పగలగొట్టి తీసుకొచ్చుకున్నా. రైలెక్కించేదానికి ఒక్కరూ రాలా. ఇప్పుడు ఆ మచ్చే మంచం కాడ ఉండాలంట." ఆగి, "అన్న మీద కోపం ఎప్పుడో పాయె. నా కోపం నీ మీద. తెలిసి గూడా సరేనని వచ్చినావు చూడు, దాని మీద" అంది.

మర్నాడు పొద్దున నా ఎదురుగానే దేవదానానికి ఫోను చేసింది. "అన్నను చూసేకి వస్తాండా. ఇరవై దినాలుంటా. చెల్లెలిగా వస్తా, డ్యూటీకి రాను. తిరుగు టికెట్టు కొనుక్కొనే వస్తా" అంది. అటునుంచి దేవదానం అరవడం నాకు వినిపించింది. "అరిస్తే పదైదు దినాలే" అని ఫోను పెట్టేసింది.

నేను తిరిగి బయలుదేరిన రోజు వాన. తన ఒంటి మీది కోటు తీసి నాకు తొడిగి పంపింది. ఆ డిసెంబరులో మాట ప్రకారమే కమలాపురం వచ్చింది. అన్నకు పక్కలు మార్చడం, పుండ్లు పడకుండా చూడడం కోడలికీ, కొడుక్కీ ఇద్దరికీ దగ్గరుండి నేర్పింది. కొడుకు నేర్చుకోనంటే వాడికి అన్నం పెట్టనివ్వలేదు. ఇరవయ్యో రోజు వెళ్ళిపోయింది. నేను కడపదాకా వెళ్ళి రైలెక్కించి వచ్చాను.

పోయిన సంవత్సరం ఆమె లండన్‌లోనే కన్ను మూసింది. అక్కడే మట్టి చేశారు, ఆమె అలాగే కోరింది. ఇక్కడ కమలాపురం గుడిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో కూర్చున్నాను. దేవదానం లేచి కన్నీళ్ళతో మాట్లాడాడు. "అక్క ఆడ దిక్కులేకుండా పాయె. మన ఊరికి రావల్లని శానా తపించింది. దేవుడు ఆ భాగ్యం ఇయ్యల్యా" అన్నాడు. పాస్టరుగారు, ఆమె మనసు ఎప్పుడూ ఈ ఊళ్ళోనే ఉండేదన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

ఆ ఆమెన్ నా నోటినుంచి రాలేదు. నేను లేచి నిలబడ్డాను. నలుగురిలో ఒకరి మాట కాదనడానికి నిలబడటం నా జీవితంలో అదే మొదలు.

"ఆమె తపించలేదు" అన్నాను. "రమ్మని అడిగింది నేను. రానని చెప్పింది ఆమె. ఎందుకు రమ్మన్నామో ఆమెకు దాచాం. దాచమన్నది దేవదానం, దాచింది నేను. ఆమెకు దిక్కు లేకపోవడం కాదు, పదిహేనుమందికి ఆమె దిక్కు. ఆమె తన ఊళ్ళోనే పోయింది."

"చచ్చిపోయిన మనిషి గురించి ఇట్ల మాట్లాడొచ్చునా సరోజమ్మా?" అన్నాడు దేవదానం.

"బతికున్నప్పుడు ఆ మనిషే చెప్పింది కదప్పా. ఫోనులో నువ్వూ విన్నావు."

పాస్టరుగారు కీర్తన ఎత్తుకోమన్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. నా వెనక వరుసలో ఒక ముసలామె మెల్లగా, "ఆడ ఏమి చేసేది ఆయమ్మ?" అని అడిగింది. అటు తిరిగి చెప్పాను. హాలు, చిత్రాన్నం, మెట్లెక్కడం, అన్నీ. చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చోలేదు.

ఇప్పుడు దేవదానం ఇంటినుంచి నాకు పిలుపులు రావు. మిగతావాళ్ళు మాత్రం మునుపటిలాగే వస్తారు. పెళ్ళి మాటలకో, అన్నదమ్ముల రాజీకో, "నువ్వు చెప్తే వింటారు" అంటూ నా ద్వారా కబురు పంపాలని చూస్తారు. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఒక్కటే అడుగుతాను. చెప్పొద్దన్నది ఏదైనా ఉందా? ఉంటే అదే ముందు చెబుతానని అంటాను. సగంమంది కాఫీ తాగి, కబురు చెప్పకుండానే లేచిపోతారు. వాళ్ళను వాకిలిదాకా సాగనంపి, తలుపు వేసుకుంటాను.