సలోమమ్మ కప్పుకోని మిరపకాయలు

మా అమ్మ మొక్కుకుంటుంది, నేను తీరుస్తాను. మా ఇంట్లో ఈ ఏర్పాటు నా చిన్నప్పటి నుంచీ ఉంది. ఈసారి తన మోకాలి ఆపరేషన్ బాగా జరిగితే పెదకాకాని శివాలయంలో మా అమ్మాయి ప్రదక్షిణాలు చేస్తుందని మొక్కేసుకుంది. ఆపరేషన్ ఆవిడకి, ప్రదక్షిణాలు నాకు! "నన్నడక్కుండా నా తరఫున దేవుడికి మాటెలా ఇస్తావమ్మా?" అని ఫోన్లో గొడవ పెట్టుకుంటే, "అడిగితే ఒప్పుకోవుగా" అంది. దాంతో మార్చి నెలాఖరులో ఒక శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో రైలెక్కాను. ఎలాగూ వెళ్తున్నాను కదా, ఎప్పటి నుంచో చూడాలనుకుంటున్న మిరప కల్లాలు కూడా చూసి, పర్చూరు, చీరాల మీదుగా వేటపాలెం వెళ్లి జీడిపప్పు కొనుక్కోవాలని పథకం వేసుకున్నాను. వేటపాలెం మాత్రం ఆ రోజు చేరలేకపోయాను. ఎందుకు చేరలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తెల్లవారేసరికి గుంటూరులో దిగాను. పెదకాకాని గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే ఉంది. షేర్ ఆటో వాడు ముప్ఫై రూపాయలు తీసుకుని గుడి దారిలో దింపాడు. పొద్దున్నే వెళ్లబట్టి గుళ్లో జనం పెద్దగా లేరు. ప్రదక్షిణాలు చేస్తున్నంతసేపూ అమ్మ మీద విసుక్కుంటూనే ఉన్నాను. మన ప్రమేయం లేకుండా మన నెత్తిన పడిన నియమాన్ని పాటిస్తే అది భక్తి ఎలా అవుతుందని నా వాదన. వాదిస్తూనే తిరిగాను, తిరగడం మాత్రం మానలేదు. ఆ తర్వాత మళ్లీ గుంటూరు బస్టాండుకొచ్చి, కారప్పొడీ నెయ్యీ వేసిన ఇడ్లీ తిని, తొమ్మిదిన్నర ప్రాంతంలో పర్చూరు బస్సెక్కాను.

అది పల్లెవెలుగు. బస్సు నిండా ఆడవాళ్లే. నేనూ ధీమాగా ఆధార్ కార్డు చాపాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది తెలంగాణ కార్డండీ. ఫ్రీ ఇక్కడి వాళ్లకే. టికెట్ కొట్టాల్సిందే" అన్నాడు. బస్సంతా నవ్వింది. పక్కనున్న ఆవిడైతే "మా ఊరి సంబంధం చూస్తాం, కార్డు మార్చుకుందువులే" అంది. డెబ్బై రూపాయల లోపే అయింది, పరువే కాస్త ఎక్కువ పోయింది. పెదనందిపాడు దాటాక కిటికీలోంచి చూస్తే నల్లరేగడి నేలల్లో పత్తి కట్టె పీకేసిన చేలు, వాటి మధ్య ఎకరాలకెకరాలు ఎర్రగా పరుచుకున్న మిరపకాయలు కనిపించాయి. అబ్బ, ఏం ఎరుపండీ అది! ఫోటోల్లో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. మనసాగక తర్వాతి స్టేజీలోనే దిగిపోయాను.

దిగీ దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మొదటి కల్లం దగ్గరికి వెళ్తే, అరవై దాటిన ఒక పెద్దాయన, ఆయన భార్య కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరి అవతల పడేస్తున్నారు. ఆయన పేరు కోటేశ్వరరావు గారు. "ఏందమ్మా, కొనేదానికా, చూసేదానికా?" అన్నారు. చూడ్డానికే అన్నాను. "చూడు, దానికేముంది" అన్నారు. ఆ ఎరుపంతటి మధ్యలో ఒక్కచోట మాత్రం కాయలు రాశిపోసి టార్పాలిన్ పట్ట కప్పేసి ఉంది. మంచి ఎండలో అలా ఎందుకు కప్పారని అడిగాను.

"అది సలోమమ్మది. ఇయ్యాళ శనివారం గదా, ఆ పిల్ల పని ముట్టుకోదు. కిరస్తానమే గానీ వాళ్లకి ఆదివారం కాదు, శనివారం దేవుడి రోజంట. నిన్న పొద్దు కుంకిన కాడినించి ఇయ్యాళ పొద్దుకుంకేదాకా అంతే. వారానికో ఎండ పోగొట్టుకుంటది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది" అన్నారు.

నాలాంటిదానికి ఇది వినిపించాక కాళ్లు ఆగుతాయా? తిన్నగా సలోమమ్మ పాక దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్లుంటాయి. ఉతికిన తెల్లచీర కట్టుకుని పాక నీడలో కూర్చుని ఉంది. పొద్దున ప్రార్థనకి వెళ్లి వచ్చిందట. భర్త పోయాక కౌలుకి తీసుకుని ఒక్కతే సాగు చేస్తోంది. "రండమ్మా, ఎండన పడి వచ్చారు" అని మంచం వాల్చబోయి, మళ్లీ ఆగి, వాల్చి ఉన్న మంచం మీదే కాస్త పక్కకి జరిగింది. టీ దొరుకుతుందా అని సిగ్గు విడిచి అడిగాను. "ఇయ్యాళ పొయ్యి వెలిగించనమ్మా. నిన్న ఒండిన అన్నం ఉంది, పెరుగుంది, గోంగూర పచ్చడుంది" అంది. టీ లేకపోతే నాకు తల పగిలిపోతుంది, కానీ ఆ గోంగూరతో కడుపు నిండా తిన్నాను.

తింటూ చూస్తే పాకకి నాలుగడుగుల దూరంలో పరిచిన కాయలు ఇంకొన్ని ఉన్నాయి. కప్పలేదు. పట్ట మాత్రం సగం విప్పి పక్కనే పడి ఉంది. కాయలు కొత్తవి, రంగు మెరిసిపోతోంది. ఇది కప్పలేదేమని అడిగాను.

"రెండో కోతమ్మా. ఈ ఏడు దీని మీదే నా ఆశ. నిన్న ట్రాక్టరు ఆలస్యంగా వచ్చింది. దింపి, నెరిపి, పట్ట లాగుతున్నాను. పొద్దు కుంకేసింది. అక్కడే వదిలేశా."

"ఇంకో నిమిషం లాగితే అయిపోయేదిగా?"

"అయిపోయేది" అంది ఒప్పుకుంటూ.

"మీ పాస్టరు గారు తిడతారని భయమా?"

"ఆయనకేం తెలుస్తుంది? మా గుడి వాళ్లలో సగం మంది అవసరమైతే చేసుకుంటారు. ఎవరి మనసు వాళ్లది. నన్నెవరూ కట్టెయ్యలేదమ్మా. నేనే కట్టుబడ్డా."

పొద్దుట్నుంచీ ప్రదక్షిణాలు చేస్తూ నేను చేసిన వాదనంతా ఆ మాటకి నోరు మూసుకుంది. అయినా ఊరుకోలేక, దేవుడికి మీ పట్టతో ఏం పనండీ అని మొదలుపెట్టాను. సలోమమ్మ నవ్వి ఇంకాస్త పచ్చడి వేసింది.

మూడు దాటాక సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. నేను సరదాగా ఫోటో తీస్తున్నాను. ఇంతలో కల్లాలన్నిట్లోనూ అరుపులు మొదలయ్యాయి. మిరపకాయ తడిస్తే మచ్చలు పడి నల్లబడిపోతుంది, ఏడాది కష్టం గంగలో కలిసిపోతుంది. జనం కాయలు కుప్పలు లాగుతూ, పట్టలు ఈడుస్తూ పరుగులు పెట్టారు. దుమ్ము లేపుతూ గాలి ఒక్క ఊపు ఊపింది. కోటేశ్వరరావు గారి పట్ట ఒకటి ఆ గాలికి నిలువునా చిరిగిపోయింది. ముసలి దంపతులిద్దరూ ఆ ముక్కలు పట్టుకుని నిస్సహాయంగా నిలబడ్డారు.

సలోమమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, సగం విప్పి ఉన్న తన పట్టని రెండు చేతులా ఎత్తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, ఈవిడకి బుద్ధొచ్చింది అనుకున్నాను. ఆవిడ ఆ పట్టని భుజాన వేసుకుని, తన కాయల్ని దాటుకుని, కోటేశ్వరరావు గారి కల్లం వైపు పరిగెత్తింది.

నేను ఒక్క క్షణం కొయ్యబారిపోయాను. తర్వాత పాకలో ఉన్న పాత గోతాలు నాలుగు లాక్కొచ్చి ఆవిడ కాయల మీద వేయబోయాను. అంత దూరం నుంచీ చూసి కేక వేసింది. "ముట్టుకోబాకమ్మా! నా ఇంటికొచ్చిన మనిషివి, నీకూ వర్తిస్తుంది! పని చెయ్యాలనుంటే ఇటు రా!"

బైబిల్లోని పది ఆజ్ఞల్లో విశ్రాంతి రోజు గురించి చెప్పే ఆ ఒక్కదానిలో ఇంటి వాళ్లతో పాటు పనివాళ్ల పేరు, పశువుల పేరు, గుమ్మంలోకి వచ్చిన పరదేశి పేరు కూడా ఉందని ఆవిడ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. గోతాలు విసిరికొట్టి అటు పరిగెత్తాను. నలుగురం కలిసి కోటేశ్వరరావు గారి కాయల మీద పట్ట లాగి, అంచుల మీద రాళ్లు పెడుతుండగానే చినుకులు పడ్డాయి. ఆయన ఒకటే అరుపులు. "అమ్మాయ్! నీది తడిసిపోతందే! నీకేమన్నా పిచ్చా? నీ పట్ట తీసుకుపో!" సలోమమ్మ రాయి మీద రాయి పెడుతూనే ఉంది.

వాన కాసేపే పడింది, కానీ గట్టిగా పడింది. వెలిశాక చూస్తే సలోమమ్మ రెండో కోత నీళ్లలో ఉంది. ఆవిడ దాని పక్కనే గట్టు మీద చతికిలబడింది. నాకు ఉండబట్టలేదు.

"ఆయనవి కప్పితే పని కాదా? మీవి కప్పుకుంటేనే పనా? ఇదెక్కడి న్యాయం?"

"గుంటలో పడ్డ పశువుని ఆ రోజైనా పైకి తియ్యొచ్చమ్మా. మా ప్రభువే చెప్పాడు."

"మీవీ గుంటలోనే పడ్డాయిగా!"

"నావి అయితే నాకు తెలియదమ్మా. అది కనికరమో ఆశో నా మనసు నాకే తేల్చి చెప్పదు. ఎప్పుడూ ఆశనే కనికరం అంటుంది. కోటేశ్వరరావు బాబాయివి అయితే తేలిగ్గా తెలుస్తుంది" అంది. తడిసిన కాయ ఒకటి చేతికి అందేంత దూరంలోనే ఉన్నా తీయకుండా, దాన్నే చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏం చెయ్యాలో తోచక, ఏడవకండి అన్నాను.

"ఏడవకూడదని ఆ ఆజ్ఞలో లేదుగా అమ్మా" అంది.

నేను ఆ గట్టు మీదే ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. ఇంతలో కోటేశ్వరరావు గారు ఊళ్లోంచి పొడి పట్టలు రెండు మోసుకొచ్చారు. గట్టు దాటబోతుంటే సలోమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నా కల్లంలోకి వస్తే నా ఇంటికొచ్చినట్టే బాబాయ్. పొద్దు కుంకనీ." ఆయన నోటికొచ్చినట్టు తిట్టారు. మొండిఘటం అన్నారు, నీకూ నీ దేవుడికీ దణ్ణం అన్నారు. కావాలంటే ఆవిడని పక్కకి నెట్టి లోపలికి రాగలరు. రాలేదు. పట్టలు కింద పెట్టి, గట్టుకి అవతలి పక్కనే గొంతుక్కూర్చుని పడమటి వైపు చూడసాగారు. ఆయన భార్యా వచ్చి కూర్చుంది. పక్క కల్లాల వాళ్లు ఇద్దరు ముగ్గురు తమ పని ముగించుకుని వచ్చి చేరారు. వీళ్లెవరూ శనివారం పాటించేవాళ్లు కాదు. అయినా సూర్యుడు ఎప్పుడు దిగుతాడా అని అందరం ఒకే వైపు చూస్తూ కూర్చున్నాం. మబ్బు విడిపోయి పడమర ఎర్రబడింది. పొద్దున గుళ్లో రాని భక్తి అక్కడ ఆ బురద గట్టు మీద వచ్చింది, దాచుకోకుండా చెప్తున్నాను.

సూర్యుడి అంచు మునగ్గానే కోటేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. "ఏమ్మాయ్, రావచ్చా?" అని అడిగారు. సలోమమ్మ కళ్లు తుడుచుకుని "రా బాబాయ్" అంది.

చీకటి పడేలోపు దొరికినన్ని కాయలు ఏరి పొడి పట్టల మీద గాలికి పరిచాం. కొన్ని దక్కాయి, చాలా పోయాయి. ఆవిడ చేసింది సరైనదేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. నేనైతే కప్పుకునేదాన్ని, రెండో ఆలోచన లేకుండా. కానీ దేవుడి మాట వినడమంటే ఏదో పెద్ద గుళ్లోనో పెద్ద పండగలోనో జరిగే పని అనుకునేదాన్ని. చేతికందే దూరంలో ఉన్న సొంత పంటకీ పక్కవాడి పంటకీ మధ్య, ఎవరూ అడగకుండా, ఎవరో చూస్తారన్న భయం లేకుండా ఒక మనిషి అలా ఎంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అంతకంటే ఆశ్చర్యం, ఆ ఎంపిక తప్పని తిడుతూనే ఆవిడ గట్టు దాటకుండా కూర్చున్న ఆ పెద్దాయన.

కల్లాలు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్లండి, ముక్కుకి గుడ్డ పెట్టుకెళ్లండి, ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను చెప్పేదల్లా, సాయం చేద్దామనిపించినా సరే, ఎవరి కాయల మీదా అడక్కుండా చెయ్యి వేయకండి. వద్దంటే గట్టు మీద కూర్చోండి.