నంబర్ ప్లేటు మీద వచ్చిన రాష్ట్రం

డిగ్రీ అయిపోయిన ఎండాకాలంలో ముగ్గురం కలిసి బండ్ల మీద దేశం చుట్టి రావాలనుకున్నాం. జేబుల్లో ఏమీ లేదు గానీ తీరిక బోలెడంత ఉంది. ఉద్యమం ఊపు మీదున్న రోజులు కాబట్టి మా భవిష్యత్తు గురించి అడిగినవాళ్లందరికీ "రాష్ట్రం రానీ" అని ఒకటే జవాబు చెప్పేవాళ్లం. దానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

నాది జనగామ. ఒకడిది మహబూబాబాద్ దగ్గర తండా, ఇంకొకడిది భూపాలపల్లి. జనగామ బస్టాండు ఎదుటి హోటల్లో ఒక్కో చాయ్‌ని గంటసేపు తాగుతూ, బడి రోజుల నాటి అట్లాసు ముందేసుకుని దారి గీశాం. అద్దె గదుల్లో దిగకూడదన్నది మొదటి నియమం. అందుకని మ్యాపులో మాకు రాష్ట్రాలు కనబడలేదు, చుట్టాలు కనబడ్డారు. తండా వాడి బంధువులు చాలామంది మహారాష్ట్రలో బిల్డింగు పనులకు వలసపోయి ఉన్నారు. వాడు వాళ్ల భాషలో ఫోన్లు మాట్లాడి, మాకు తెలుగులో తేల్చేవాడు. "చంద్రాపూర్‌ల మా చిన్నమ్మ రొట్టెలు చేస్తది. పూణెల బావ ఉంటడు, షెడ్డుల పండుకోవచ్చు." రొట్టెలు ఎక్కడుంటే రోడ్డు అటు వంగింది.

యాత్ర ఎక్కడ ముగియాలో భూపాలపల్లి వాడు చెప్పాడు.

"నాకు సముద్రం చూపియ్యుర్రి. ఇంకేం అడగ."

వాళ్ల నాయిన బొగ్గుబాయిలో పనికి అన్‌ఫిట్ అయ్యాడు. ఆ కొలువు వీడికి వస్తోంది. ఇంకో రెండు నెలల్లో భూమి లోపలికి దిగాలి. ఆలోపు ఒక్కసారి అవతలి ఒడ్డు కనబడనన్ని నీళ్లు చూడాలని వాడి కోరిక.

నిజానికి సముద్రం అంత దూరమేం కాదు. ఖమ్మం మీదుగా పోతే ఒక్క రోజు పని. కానీ అది ఆంధ్ర సముద్రం. ఉద్యమకారులం, అందులో కాళ్లెలా తడుపుకుంటాం? కాబట్టి మూడింతల దూరమున్న బొంబాయి సముద్రాన్ని ఏకగ్రీవంగా ఎంచుకున్నాం. ఏకగ్రీవం అంటే నేను చెప్పాను, మిగతా ఇద్దరూ తలూపారు.

బయల్దేరాల్సిన రోజున బంద్. వాయిదా వేశాం. మళ్లీ అనుకున్న రోజున రాస్తారోకో. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు మీద కూర్చుని బండ్లను ఆపినవాళ్లలో మేం ముగ్గురమూ ఉన్నాం. లాఠీలు లేచినప్పుడు నేను పక్క చేలల్లో ఉన్నాను, భూపాలపల్లి వాడి వీపు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. మా ప్రయాణాన్ని మేమే ఇంత క్రమశిక్షణతో అడ్డుకుంటుండగా తొలకరి వచ్చేసింది. తండా వాణ్ణి పత్తిగింజలు పెట్టడానికి ఇంటికి పిలిచారు. చుట్టాల అడ్రసులు రాసిన కాగితం మా చేతిలో పెట్టి వాడు పోయాడు.

మిగిలిన ఇద్దరికి మా బాపు బండి ఒక్కటి చాలు. ఆ రోజుల్లో జనగామ చౌరస్తాలో బండ్లను ఆపి, నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాసేవాళ్లం. రంగు డబ్బా నా చేతిలోనే ఉండేది. మొదట మా బండికే రాశాను. బాపు ఆ ప్లేటు వైపు చాలాసేపు చూశాడు.

"గీ పక్కనున్న లింగాల ఘనపూర్ దాక పోతె ఏం గాదు బిడ్డా. గా అవతల గీ రాష్ట్రం ఎవ్వనికి ఎరుక?"

బాపుకు చైతన్యం తక్కువని జాలిపడ్డాను.

భూపాలపల్లిలో వాడి అవ్వ అటుకులు, మామిడికాయ తొక్కు కట్టిచ్చింది. కాళేశ్వరం దగ్గర అప్పటికింకా వంతెన లేదు. బండిని పడవెక్కించి గోదావరి దాటాం. వాడు అంచున కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టాడు.

"సముద్రం గింత కన్న పెద్దగుంటదా?" అని అడిగాడు.

అవతలి ఒడ్డు మహారాష్ట్ర. పది నిమిషాలు పోయామో లేదో ఓ పోలీసాయన ఆపాడు. నేను హిందీ కూడబలుక్కుంటుంటే, సరిహద్దు ఊరివాడేమో, ఆయన మా తెలుగే మాట్లాడాడు.

"టీజీ అంటె ఏ రాష్ట్రం?"

"తెలంగాణ" అన్నాను ఛాతీ విరిచి.

"ఎప్పుడొచ్చింది?"

"వస్తది."

ఆయన బండి కాగితాలు చూశాడు. వాటిలో ఏపీ అని ఉంది. కోప్పడలేదు. "అచ్చినంక రాసుకోర్రి. ఇప్పుడైతె ఏపీ అని రాసి పోర్రి. అగో, ఆ దుకాణంల రంగు దొరుకుతది" అన్నాడు.

అంత మర్యాదగా చెప్పినా నాకు సరిపోలేదు. నీళ్లతో మొదలుపెట్టి కొలువుల దాకా ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, బండి తాళంచెవి జేబులో వేసుకుని నీడకు పోయాడు.

భూపాలపల్లి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "రాద్దాం బై. రెండక్షరాలే గద. అచ్చేటప్పుడు మల్ల టీజీ రాసుకుందాం."

"ద్రోహివి రా నువ్వు" అన్నాను.

ఆ మాట అప్పట్లో మా నోళ్లలో చాలా తేలిగ్గా తిరిగేది. చాయ్‌లో చక్కెర తక్కువైనా హోటల్ వాణ్ణి ద్రోహి అనేవాళ్లం. వాడు మాత్రం నవ్వలేదు. నా చెయ్యి వదిలేసి, రాస్తారోకోలో దెబ్బలు తిన్న ఆ వీపును నావైపు తిప్పి పడవ దిక్కు నడిచాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. అప్పుడు మాత్రం సిద్ధాంతం నిలబెట్టానని పొంగిపోయాను. వెనక్కి పోతామంటే పోలీసాయన తాళంచెవి ఇచ్చేశాడు. తిరుగు పడవలో వాడు నీళ్ల వైపు చూడలేదు.

వారం తర్వాత వాడు బాయిలో దిగాడు. కొన్నేళ్లకు రాష్ట్రమూ వచ్చింది. కొత్త బండ్లకు టీఎస్ అని రాయించారు. నేను ప్రాణం పెట్టిన జీ అనే అక్షరం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. బాపు బండి కాగితాల్లో ఏపీగానే బతికి, ఏపీగానే తుక్కుకు పోయింది. ఇంకో పదేళ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. పంతం కొద్దీ కొత్త బండి కొన్నాను. నంబర్ ప్లేటు ఫొటో తీసి, కింద "గెలిచినం" అని రాసి వాడికి పంపాను.

షిఫ్టు దిగాక వాడు జవాబు రాశాడు.

"మంచిగుంది బై. నేను సముద్రం ఇంక చూడలే. గా బండి మీద ద్రోహికి జాగ ఉన్నదా?"