నాయనమ్మ ముందు సీటు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో నాకు పిల్లి ఎదురైతే వీధి చివరికి వెళ్ళేసరికి అది అడవిపిల్లి అయ్యేది, బస్సెక్కేసరికి చిరుతపులి అయ్యేది. తప్పు నాది కాదు, మా నేలది. పల్నాడులో వాన తక్కువ, మాట ఎక్కువ. పైరు ఎదగని చోట మాటైనా ఎదగాలి గదా. పత్తి కొనే వ్యాపారి తేమ ఉందనీ, చెత్త ఉందనీ తరుగు తీస్తాడు. మీరు కూడా నా మాటల్లో అట్లాగే తరుగు తీసుకుని చదవండి, నేనేమీ అనుకోను. అయితే ఇందులో ఒక్క ముక్క మాత్రం బొత్తిగా నేను పుట్టించింది. అదేదో ఆఖర్న నేనే చెప్తాను. ఈలోపు మీరు తొందరపడి వేరేవాటిని అనుమానించకండి.

మా తాత మిలిటరీవాళ్ళ వేలంలో ఒక జీపు కొన్నాడు. అది ఏ యుద్ధంలో పనిచేసిందో ఎవరికీ తెలియదు. తాత మాత్రం రేకు మీది సొట్టలను ఒక్కోటీ ఒక్కో ఫిరంగి గుండు దెబ్బగా వచ్చినవాళ్ళకు చూపించేవాడు. వాటిలో సగం మా దొడ్డిగోడ కొట్టిన దెబ్బలు. ఈ గుణం నాకు ఎవరి నుంచి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ జీపులో ముందు సీటుకు ఒక రాజ్యాంగం ఉండేది. తోలేది తాత. పక్కన కరణంగారు. ఆయన లేకపోతే ఊరి ప్రెసిడెంటు. ఆయనా లేకపోతే పశువుల డాక్టరు, లేదంటే ఎవరో ఒక పెళ్ళికొడుకు. ఎవరూ దొరకని రోజున తాత తన తలపాగా తీసి ఆ సీట్లో పెట్టేవాడు. మా నాయనమ్మ ఎప్పుడూ వెనకే, వెనక్కి తిరిగి ఉన్న అడ్డబల్ల మీద, మిరపకాయల బస్తాల నడుమ. తలపాగాకు ఉన్న పరపతి ఆమెకు లేదు.

తాత పోయాక జీపు దొడ్లో కొట్టం కింద నిలబడిపోయింది. పదేళ్ళ పైమాటే. ఇంజను మీద కోడి పొదిగేది. ఆ పదేళ్ళలో ఆ బానెట్టు కింది నుంచి కదిలి బయటికి వచ్చినవి కోడిపిల్లలు మాత్రమే.

ఎనభైల్లో ఒక ఏడు, మిరప కోతలప్పుడు, నేను డిగ్రీ పరీక్షలకు చదవడానికని నరసరావుపేట నుంచి ఇంటికొచ్చి శ్రద్ధగా నిద్రపోతున్నాను. నాన్న అన్నం తింటున్నాడు. నాయనమ్మ అరుగు మీద మిరపకాయల తొడాలు తీస్తూ, ఏ ఉద్దేశమూ లేకుండా ఒక మాట అంది.

"మీ నాయన జీపులో నేను తిరగని ఊరు లేదురా అబ్బాయ్. ఏం లాభం. ఎనక కూసునేదాన్ని గదా, నాకెప్పుడూ పొయ్యిన దారే కనపడేది. వచ్చే దారి ఎట్టుంటదో చూళ్ళేదు."

నాన్న ముద్ద మధ్యలో ఆపాడు. "అమ్మా, శివరాత్రికి నిన్ను ముందు సీట్లో కూసోబెట్టి కోటప్పకొండ తిరునాళ్ళకు తీసకపోతా. మన జీపులోనే."

"నేనడగలేదురా."

"నువ్వు అడగలేదు. నేను తీసకపోతన్నా."

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. మా అమ్మకు అదే కొట్టం మీద ఎప్పటి నుంచో కన్ను. గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది, దానికి నీడ లేదు.

"ఏమయ్యో, నీ ఇష్టం. శివరాత్రికి ఆ బండి కదిలిందా, నేనే దిష్టి తీస్తా. కదల్లేదా, తెల్లారేసరికి పాతినుప సామాన్లోడు వస్తాడు, సాయంత్రానికి బర్రెను కొట్టంలో కట్టేస్తా. మళ్ళా నన్నేమనమాక."

పేట నుంచి మెకానిక్కును పిలవొచ్చు. పిలిస్తే మా నాన్న మా నాన్న ఎందుకవుతాడు? బావి మీద ఆయిలింజను ఆగితే ఆయన దాన్ని రెండు తన్ని, నాలుగు తిట్టి నడిపించేవాడు. "ఇంజనంటే ఇంజనే. ఇది చక్రాలున్న ఆయిలింజను, అంతేగా" అని తీర్మానించి, జీపులో ఊడేవన్నీ ఊడదీసి, నాయనమ్మ పాత చీర పరిచి దాని మీద పెట్టాడు. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. జన్మలో సైకిలు కూడా తొక్కనివాళ్ళు గేరుబాక్సు మీద చెయ్యిపెట్టి "లోపం ఇక్కడుంది" అన్నారు. చుట్టాల్లో ఒకాయన వీటన్నిటికీ వాస్తు కారణమనీ, జీపు మూతి దక్షిణానికి ఉంటే బ్రహ్మదేవుడు తోలినా కదలదనీ చెప్పాడు. తిప్పి పెట్టాం. తూర్పుకు తిరిగీ కదల్లేదు.

మళ్ళీ బిగించేసరికి చీర మీద ఇంకా ఒక గంపెడు సామాన్లు మిగిలాయి. నాన్న వాటిని ఓసారి చూసి, "అయ్యి యుద్ధానికి పనికొచ్చేయి. మనకెందుకు?" అని గంపను అటక మీద పెట్టించాడు.

రేడియేటరు కారుతుంటే పసుపు పోస్తే పూడుతుందని లారీవాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పింది గుప్పెడు. మా నాన్న అమ్మ చూడకుండా ఏడాదికి సరిపడా కొట్టించిన పసుపు డబ్బా మొత్తం ఒంపాడు. కారడం ఆగింది. రెండు రోజులు మా ఇంట్లో పప్పు తెల్లగా ఉంది. అమ్మ శివరాత్రి ఎప్పుడొస్తుందో కాలెండరులో చూసుకుంది.

సీట్లలోకి మా చేలో పత్తే కుక్కించాం. పత్తి మనదేనని కుక్కేవాడికి అడ్డూ ఆపూ చెప్పలేదు. తీరా చూస్తే సీటు సింహాసనమంత ఎత్తు లేచింది. ఎక్కాలంటే పీట వేసుకోవాలి. బ్రేకుల సంగతి నేను గుర్తుచేస్తే, "ముందు కదలనీరా, ఆపే సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు నాన్న. మా ప్రాంతంలో తగాదాలన్నీ ఈ సూత్రం మీదే మొదలవుతాయి.

పెట్రోలు ట్యాంకు జల్లెడైపోయింది. దానికి మా ఊరి సూదిమందు డాక్టరు ఉపాయం చెప్పాడు. సెలైన్ సీసా, దాని ట్యూబూ తెచ్చి, సీసాలో పెట్రోలు పోసి, ట్యూబు కొసను ఇంజనులో పెట్టించాడు. పెట్టించి ఊరుకోక, బానెట్టు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్టా ఉందయ్యా?" అన్నాడు నాన్న.

"నీరసం బావా. చానా రోజులు మంచాన పడింది గదా. చుక్క చుక్క ఎక్కించాల, ఒక్కసారే తాపితే తట్టుకోలేదు."

ఆ సీసాను ఎత్తి పట్టుకుని నిలబడే ఉద్యోగం నాకిచ్చారు, కాలేజీలో ఫిజిక్సు చదువుతున్నానని. నా చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

ఇక పైకప్పు. పాత గుడ్డ ఎలుకలు తినేశాయి. కొత్తది కొనడమెందుకు, ఇంట్లో గోతాలు లేవా అన్నాడు నాన్న. ఉన్నాయి. నిరుడు మిరపకాయలు తొక్కి పంపగా మిగిలిన గోతాలు. వాటిని విప్పి, కలిపి కుట్టి, జీపుకు బిగించాం. వాటిని దులపాలని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఘాటులో బతికేవాళ్ళకు అది ఘాటని ఎట్లా తెలుస్తుంది? చేపను నీళ్ళ సంగతి అడిగినట్టే.

శివరాత్రి పొద్దున బ్యాటరీ చచ్చిపోయి ఉంది. హ్యాండిలు తిప్పితే అది వెనక్కి తిరిగి నాన్న చేతిని తన్నింది. నాన్న కట్టు కట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ అప్పటికే తలంటుకుని, పట్టుచీర కట్టి, పీట వేయించుకుని ముందు సీటెక్కి కూర్చుంది. అమ్మ గుమ్మంలో నిలబడి గేదె పలుపు చేతికి చుట్టుకుంటూ ఉంది. ఆ పలుపు చూసి నాన్న నిమిషానికో ఏడు ముసలివాడవుతున్నాడు.

అప్పుడొచ్చాడు మామ, అంటే అమ్మకు అన్న. బొల్లాపల్లి వైపు ఆయన ఊరు. బండలాగుడు పందేలంటే ప్రాణం. ఆయన ఎడ్ల జతకు మా అత్తకన్నా మర్యాద ఎక్కువ జరిగేదని ఆవిడే చెప్పేది.

"బావా, నా ఎడ్లు కొండనైనా లాగుతయ్యి. నీ డొక్కు జీపెంత? కట్టు తాడు."

"లాగటం సరే బావా. ఇంజను అందుకోంగానే ఆపాల."

మామ ఆశ్చర్యంగా చూశాడు. ఆయన జీవితంలో ఎవరూ ఆయన్ను అట్లాంటిది అడగలేదు. "ఆపటమేంది? బండ ఎప్పుడన్నా అందుకుందా, ఆపటానికి?"

మేం చేసిన పొరపాటు అక్కడుంది. పందెంలో ఎడ్లు బండను బరి ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. అక్కడ మళ్ళుకుని వెనక్కి రావాలి. ఆ ఎడ్లకు లోకమంటే అంతే పొడవు. పైగా అవి ఎరిగింది బండను. మెడ వంచి, కాళ్ళు తన్నిపెట్టి, ఊపిరి బిగించి లాగితే గానీ కదలని బండను. వాటి వెనక చక్రాలున్నదేదో కట్టి ఉందని వాటికి ఎవరు చెప్పాలి?

నాన్న స్టీరింగు పట్టుకున్నాడు. నేను వెనక నిలబడి సీసా ఎత్తాను. మామ ఈల వేశాడు. ఎడ్లు బండను లాగినట్టు ఒక్క లాగు లాగాయి.

జీపు గాల్లో లేచింది. ఎంత ఎత్తని అడగకండి, తాటిచెట్టంత అని రాయాలని చెయ్యి దురదపెడుతోంది. ఆ కుదుపుకు ఇంజను ఢామ్మని అందుకుంది. ఆ చప్పుడు వాటి చెవులకు పందెంలో జనం వేసే కేకలా వినపడింది కాబోలు, పరుగందుకున్నాయి. ముందు ఎడ్లు, వెనక వాటిని తరుముతూ జీపు, జీపు వెనక మామ, మామ వెనక ఊరు. పైకప్పు ఊగడం మొదలైంది. నిరుడు పండిన మిరపకారం మా నెత్తిన వానలా కురిసింది. నాకు కళ్ళు మూసుకుపోయాయి. నాన్నకూ మూసుకుపోయాయి. తోలేవాడికి కళ్ళు లేవు, బండికి బ్రేకుల్లేవు.

కళ్ళు తెరిచి ఉన్నది ఒక్కరికే. యాభై ఏళ్ళుగా మిరపకాయల మధ్యే బతికిన మా నాయనమ్మకు. కనీసం తుమ్మలేదు.

"కుడికి తిప్పరా అబ్బాయ్. కుడికంటే అన్నం తినే చెయ్యి. ఆఁ. ముందర గడ్డివామి వస్తంది, ఎడమకు పో. చాలు. ఎవర్రా ఆ నడిబజార్న మంచమేసింది? లెగవయ్యా, జీపొస్తంది. కొద్దిగా కుడికి. ఇప్పుడు తిన్నగా పోనీ. చానా బాగుంది దారి."

మా నాన్న దగ్గుతూ, ఏడుస్తూ, ఆమె చెప్పిన వైపల్లా తిప్పాడు. ఆ కన్నీళ్ళలో కారం వాటా ఎంతో నాకు తెలియదు.

ఊరి చివర ఎడ్లు అలవాటు ప్రకారం ఆగాయి. అందిన సందులో మామ తాడు కోసేశాడు. జీపు ముందుకే సాగింది. సెలైన్ చుక్క చుక్కా పడుతూనే ఉంది. కోటప్పకొండ దారిలో ఆకాశాన్నంటే ప్రభలు కట్టుకుని జనం వెళుతుంటే, మా పసుపు పొగా కారం పొగా చూసి వాళ్ళంతట వాళ్ళే పక్కకు తప్పుకున్నారు. ఒక పోలీసాయన తుమ్మబోయి చెయ్యెత్తితే అది సెల్యూటనుకుని నాయనమ్మ కూడా చెయ్యెత్తింది. కొండ కిందికి చేరి దణ్ణం పెట్టుకుని, దీపాలు పెట్టే వేళకు క్షేమంగా ఇల్లు చేరాం.

నేను పుట్టించిన ముక్క ఇదీ. తాడు కోసింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా.

మిగతా అంతా జరిగిందే. సెలైన్ సీసా నిజం, తెల్ల పప్పు నిజం, కారం వాన నిజం, దారి చెప్పింది నాయనమ్మే అన్నది అన్నిటికన్నా నిజం. తాడు మాత్రం ఎవరూ కొయ్యలేదు. ఊరి చివర ఎడ్లు ఆగి, పందెంలో మళ్ళినట్టే మళ్ళుకున్నాయి. ఆ మలుపులో ఇంజను ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగింది. సీసాలో చుక్క లేదు. చచ్చిన జీపును ఎడ్లు నింపాదిగా లాక్కొచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టి, బహుమతి కోసం చూస్తున్నట్టు చూశాయి.

"కదిలింది గదమ్మా" అన్నాడు మామ.

"కదిలింది నీ ఎడ్లన్నా" అంది అమ్మ.

నాన్న దిగి వెళ్ళి నాయనమ్మ వైపు పీట వేశాడు. "దిగమ్మా. కొండకు తీసకపోలేకపొయ్యా."

నాయనమ్మ దిగలేదు.

"కొండ ఏడికి పోద్దిరా. నన్నిక్కణ్ణే ఉండనీ. ఇక్కణ్ణుంచి రోడ్డు కనపడతంది. అదుగో, మాచర్ల బస్సు. అది రాకముందే కనపడింది నాకు."

మర్నాడు పాత ఇనుప సామాన్లవాడు రానే వచ్చాడు. గుమ్మం ముందు జీపు, జీపులో నాయనమ్మ. "ఏం కావాలయ్యా?" అని ఆమె సీటులోంచే అడిగింది. వాడు జీపును చూశాడు, ఆమెను చూశాడు, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రం అమ్మ గేదెను కొట్టంలో కట్టేసింది. జీపును ఎవరూ ఎక్కడికీ జరపలేదు. మూతి రోడ్డు వైపు పెట్టుకుని అది అక్కడే ఉండిపోయింది.

నాయనమ్మ మిరపకాయలు ఆ ముందు సీట్లోనే వొలిచేది. వచ్చేవాళ్ళందరినీ వాళ్ళు రాకముందే చూసి ఇంట్లోకి కేకేసి చెప్పేది. కొన్నాళ్ళకు, ఒక్కతే ఎంతసేపని వొలుస్తుందిలే అని అమ్మ కూడా ఒక చేట పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. పక్కనంటే స్టీరింగు ముందే గదా. అత్తాకోడళ్ళు ఇద్దరూ అట్లా ముందు కూర్చుని, దారంట పోయేవాళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, పొలం నుంచి వచ్చిన నాన్నకు వెనక అడ్డబల్లే మిగిలేది. అక్కడి నుంచి ఆయనకు కొట్టంలో గేదె కనపడేది.