వెనక మూతలో నా గుర్తు

1978. తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురు సందులో నాకొక వాచీ రిపేరు కొట్టు ఉండేది. పనికి కొదవ లేదు, పొగరుకూ కొదవ లేదు. ఏ పాత వాచీ చేతిలో పెట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తానని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ని. ఆ పొగరు దిగిన రోజు సంగతి ఇది.

ఒక మధ్యాహ్నం పాకాల నుంచి తల్లీ కూతుళ్లు వచ్చారు. కూతురు బడిలో టీచరు. తల్లికి అరవై ఉంటాయి, నుదుట బొట్టు లేదు. రుమాలులో చుట్టి తెచ్చిన వెండి జేబు గడియారాన్ని కూతురు బల్ల మీద పెట్టింది. ఆ టీచరు నాయన రైల్వేలో గార్డు. ఏడేళ్ల కిందట పట్టాల మీద పోయాడట. ముఖం గుర్తుపట్టేలా లేదు. చొక్కా ఆయనదే, జేబులో పాసు ఆయనదే, అందుకని తెచ్చుకుని దహనం చేశారు. గడియారం మాత్రం లేదు. శవం మీద నుంచి ఎవరో కొట్టేశారనుకున్నారు. మొన్న శ్రీకాళహస్తిలో పాత వాచీల అంగడిలో, నాలుగు అంకె పక్కన బీట ఉన్న ఈ గడియారం కూతురి కంట పడింది. చిన్నప్పుడు తాను కింద పడేస్తే వచ్చిన బీట అది. ఇది తమదేనని తేలితే ఆయన ఫొటో దగ్గర పెట్టుకోవాలని తల్లి ఆశ.

ఐగ్లాసు కంటికి పెట్టుకుని వెనక మూత తెరిచాను. సింహం బొమ్మ ఉంది, అంటే ఇంగ్లండులో పరీక్షించిన వెండి. దాని పక్క లంగరు గుర్తు బర్మింగ్‌హామ్ ఊరిది. పక్కనున్న అక్షరం ఏడాదిని చెబుతుంది. వీటిని హాల్‌మార్కులంటారు. నా దగ్గరున్న పట్టికలో చూస్తే 1893 అని తేలింది. తన తాతకు ఒక దొర ఊరెళ్లిపోతూ ఇచ్చాడని కూతురు చెప్పినదానికి సరిపోయింది. తల్లి కళ్లు తుడుచుకుని నాకు దణ్ణం పెట్టింది. నాకు హుషారు పుట్టింది.

జేబు గడియారాన్ని సర్వీసింగ్ చేసిన ప్రతివాడూ మూత లోపల సూదిమొనతో తన గుర్తు, నెల, ఏడాది గీస్తాడు. భూతద్దం పెడితే గానీ కనబడవు. ఎవరూ అడక్కుండానే వాటిని పైకి చదవడం మొదలుపెట్టాను. మద్రాసు పనివాడిది ఒకటి, కాట్పాడి వాడివి రెండు. నాలుగోది చూసి నవ్వొచ్చింది.

“ఇది నా గీతేనమ్మా. డెబ్బై మూడు జూన్‌లో ఈడనే చేసినాను.”

కూతురి ముఖం పాలిపోయింది. “మా నాయన పోయింది డెబ్బై ఒకటిలో,” అంది.

కొట్టేసినవాడే తెచ్చి ఉంటాడని సర్దబోయాను. ఆ మాట నోట్లో ఉండగానే గుర్తొచ్చింది. ఆ జూన్‌లో ఈ గడియారమే తెచ్చి, మూత మీద చెక్కిన పేరు పొడి అక్షరాలు రెండూ అరగదీయమని ఒకాయన అడిగాడు. ఎవరి పేరని అడిగితే, “ఆ పేరుగల్ల మనిషి పోయినాడప్పా,” అన్నాడు. అందుకే నేను మరిచిపోలేదు.

నేను చెప్పినదంతా విని, మనిషి ఎట్లుండాడని తల్లి అడిగింది. గుండు, మీసం లేదు అన్నాను. తిరుపతిలో ఆ ఆనవాలు పట్టుకుని ఎవరినని వెతకడం?

ఆమె సంచిలోంచి ఫ్రేము కట్టిన ఫొటో తీసింది. గుబురు మీసం, నొక్కి దువ్విన జుట్టు. ఈయన్ని నేనెప్పుడూ చూడలేదన్నాను. ఆమె ఒక అరచేతిని జుట్టు మీద, రెండో చేతి బొటనవేలిని మీసం మీద పెట్టి, ఫొటో నా వైపు తిప్పింది.

మిగిలిన ముఖం ఆ రోజు నా ఎదుట స్టూలు మీద కూర్చున్నదే. నా ముఖం చూసే వాళ్లకు అర్థమైపోయింది, నేను చెప్పే పని లేకపోయింది.

తల్లి చెయ్యి చాపి గడియారం మూత మూసేసింది. ఏడవలేదు.

“ఆయన బతికుండాడా అని నేను అడగను,” అంది. “ఏటా మేము పిండాలు పెడతా ఉండేది ఎవురికి నాయనా?”

కీ తిప్పి ఆడించి చూపబోతే కూతురు వద్దంది. మళ్లీ రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయారు.

ఇప్పటికీ గడియారం వయసు చెప్పమంటే చెబుతాను. లోపలి గీతలు మాత్రం పైకి చదవను. తెచ్చినవాళ్లింట్లో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో కనుక్కున్నాకే నోరు విప్పుతాను. ఆ చొక్కా, ఆ పాసు మరొకడి ఒంటి మీదికి ఎలా చేరాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. అయితే ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మరొకడే. వాడికీ ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటుంది. పాకాలలో వాడికి కర్మలన్నీ జరిగిపోయాయి. వాడి సొంతవాళ్లు మాత్రం ఇంకా వస్తాడనే అనుకుంటూ ఉంటారు.