చిల్లు థెల్మా పెట్టిన నీళ్ల పరీక్ష

ఇంగ్లండు తూర్పు తీరాన హార్న్‌సీలో, డెబ్బై ఏళ్ల థెల్మా గార్‌బట్ కారవాన్ అనే చక్రాల ఇంటి కిటికీలోంచి సముద్రాన్ని లోపలికి వదిలి, తన పాత ఫోర్‌మన్‌ను పరుపు మీదే ముంచి చంపింది. సరే, సముద్రం కాదు, మొక్కలకు నీళ్లు పట్టే పైపు. చంపడం కూడా అంత నిజం కాదు, నడుము దాకా తడిపింది. పరుపు మాత్రం నిజంగానే పోయింది.

థెల్మా హల్ పట్నం శివార్లలో కారవాన్లు కట్టే కార్ఖానాలో పంతొమ్మిదేళ్లు కిటికీలు బిగించింది. కిటికీ చుట్టూ రబ్బరు ఎక్కించేటప్పుడు దాన్ని లాగకూడదు. లాగితే అప్పటికి అందంగానే కూర్చుంటుంది, కొన్నాళ్లకు ముడుచుకుపోయి మూల దగ్గర సందు విడుస్తుంది. థెల్మా రబ్బరును వేణ్ణీళ్లలో మెత్తబరిచి, పసిబిడ్డకు చొక్కా తొడిగినంత నెమ్మదిగా తొడిగేది. ఒక చలికాలం కారుతున్న కారవాన్లు వరసగా తిరిగొచ్చాయి. ఫోర్‌మన్ క్లిఫర్డ్ స్టాథర్స్ క్యాంటీన్ మధ్యలో నిలబడి, "ఇదంతా మన చిల్లు థెల్మా చేతి చలవే" అన్నాడు. ఉద్యోగం పోయింది. ఆ పేరు మాత్రం పోలేదు. మాంసం కొట్లో, బస్టాపులో, చివరికి మొగుడి అంత్యక్రియల్లో కూడా ఎవరో గుసగుసగా అదే పేరు అన్నారు.

ఇరవై రెండేళ్ల తర్వాత, ఆమె కారవాన్లు బాగుచేసే మైదానానికి తెల్లమీసాల ముసలాడొకడు కారు వెనక కారవాన్ తగిలించుకుని వచ్చాడు. అతను ఆమెను పోల్చుకోలేదు. ఆమె అతని నడకను చూసే పోల్చుకుంది.

"కిటికీ కారుతోందమ్మా. ఏటా బంక పూస్తూనే ఉన్నా."

"ఎవరు బిగించారో?"

"సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మా కార్ఖానాదే. చిల్లు థెల్మా అని ఒకత్తె ఉండేది, దాని పనే అయ్యుంటుంది."

థెల్మా నవ్వి కత్తి తీసుకుంది. పొరలు పొరలుగా బంక ఊడదీసింది. అడుగున రబ్బరు ముడుచుకుని, మూలలో వేలు పట్టేంత సందు ఉంది. ఏ కిటికీ ఎవరు బిగించారో రబ్బరు కింద కర్ర మీద పెన్సిలుతో రాయడం కార్ఖానాలో ఆనవాయితీ. పని ఒత్తిడి ఉన్నప్పుడు ఫోర్‌మన్లు కూడా చెయ్యి వేసేవాళ్లు. అక్కడ సి. స్టాథర్స్ అని ఉంది. కింద తారీఖు ఉంది. అది సరిగ్గా ఆ చలికాలమే.

ఆమె రబ్బరును మళ్లీ నొక్కేసింది.

"లోపలికెళ్లి కిటికీ కింద పడుకో బాబూ. ఎక్కడ కారుతోందో చూసి చెప్పు."

అతను పడుకున్నాక తలుపుకు గ్యాస్ బండ అడ్డంగా పెట్టి, పైపు కిటికీకి గురిపెట్టి కుళాయి పూర్తిగా తిప్పింది.

"చాలు! చాలు తల్లీ!"

"ఎక్కడ కారుతోంది, స్టాథర్స్?"

"అన్నిచోట్లా! అవునూ, నా పేరు నీకెలా తెలుసు?"

"రబ్బరు కింద రాసుంది. నీ చేతిరాతే, తారీఖుతో సహా."

లోపల పరుపు మీంచి లేచే చప్పుడైంది.

"థెల్మావా?"

"చిల్లు ఎక్కడ వదిలేశావ్? ఇందాక బాగానే అన్నావుగా."

పక్క కారవాన్‌లో ఉండే బెరిల్ అప్పటికే మడతకుర్చీ, టీ కప్పు తెచ్చుకుని కూర్చుంది. ఆమె వెనక మరో పదిమంది. "ఏం అనాలో గట్టిగా అనవయ్యా, వెనకవాళ్లకు వినపడొద్దూ?"

"రబ్బరు లాగింది నేనే!" లోపలినుంచి స్టాథర్స్ అరిచాడు. "తిరిగొచ్చినవన్నీ నేను బిగించినవే! థెల్మాది ఒక్కటి కూడా కారలేదు!"

బెరిల్ టీ తాగడం పూర్తయ్యేదాకా థెల్మా పైపు కట్టలేదు. ఆ తర్వాత కుళ్లిన కర్ర కోసేసి, కొత్త రబ్బరు వదులుగా, ఒక్క పిసరు కూడా లాగకుండా ఎక్కించింది. ఇక ఆ కిటికీ చుక్క కారలేదు. ప్రతి వానకూ పొడి పరుపు మీద పడుకుని అది ఎవరి చేతిపనో అతను తలుచుకోవాలని ఆమె కసి.

ఈ సంగతి అడిగితే థెల్మా కళ్లజోడు తుడుచుకుంటూ అంటుంది: "స్టాథర్సా? ఆ పేరే నేను వినలేదు. ఏ కార్ఖానాలోనూ పనిచెయ్యలేదు. జన్మలో కిటికీ ముట్టుకోలేదు. అంతా అబద్ధం."